రైల్వేకి కొత్త బాక్స్ తయారుచేశారా? పట్టాల మీదకి పంపేముందు టెస్ట్ ఇలా చేయండి

2022 జూన్‌లో రైల్వే ఇన్నోవేషన్ పాలసీ వచ్చిన దగ్గర్నుంచి (కోటిన్నర దాకా గ్రాంట్ ఇస్తామన్నారు, సగం వాళ్ళది సగం మనది) మన హైదరాబాద్ కుర్రాళ్ళు కూడా ఇటు దిగారు, ఒకళ్ళు పట్టా పగుళ్ళు పట్టే కెమెరా అంటారు, ఇంకొకళ్ళు గేటు దగ్గర సెన్సార్ అంటారు, మంచిదే, కాదనను. కానీ టెస్ట్ రిపోర్ట్ ఏదయ్యా అంటే చాలాసార్లు చేతికొచ్చేది ఒక వీడియో. బాక్స్ (అదే, మనం చేసిన పరికరం) పెట్టాం, బండి వచ్చింది, లైట్ వెలిగింది, అందరూ చప్పట్లు. అది డెమో అండీ, టెస్ట్ కాదు. డెమోలో మన బాక్స్ పనిచేస్తుందని చూపిస్తాం, టెస్ట్‌లో అది ఎప్పుడు చెడిపోతుంది, చెడిపోయాక ఏం చేస్తుంది అని మనమే పనిగట్టుకుని వెతుకుతాం.

బండ్లు గుద్దుకోకుండా దానంతటదే బ్రేకులేసే కవచ్ సంగతే చూడండి. 2022 మార్చి 4న మన సికింద్రాబాద్ డివిజన్లో గుల్లగూడ, చిట్టిగిద్ద స్టేషన్ల మధ్య రెండు ఇంజన్లు ఒకే లైన్ మీద ఎదురెదురుగా నడిపారు, ఒకదాంట్లో రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ ఉన్నారు, ఇంకోదాంట్లో రైల్వే బోర్డు చైర్మన్ ఉన్నారు, 380 మీటర్ల దూరంలో బండి దానంతటదే ఆగింది. ఆ వీడియో అందరూ చూశారు. కానీ ఆ పని మొదలైంది 2012లో, అప్పట్లో పేరు టీకాస్, ప్యాసింజర్ బండ్ల మీద ఫీల్డ్ ట్రయల్స్ మొదలైంది 2016 ఫిబ్రవరిలో, లింగంపల్లి – వికారాబాద్ – వాడి, వికారాబాద్ – బీదర్ కలిపి 250 కిలోమీటర్ల మీద ఏళ్ళ తరబడి తిప్పారు, 2020 జూలైలో గానీ దాన్ని దేశం మొత్తానికి ఖాయం చేయలేదు. మంత్రిగారు ఎక్కేసరికి ఆ బండి ఆగుతుందని లోపలున్న ఇంజనీర్లందరికీ తెలుసు. మీ టెస్ట్ ప్లాన్ ఆ పదేళ్ళని చూసి రాసుకోవాలి, వీడియోని చూసి కాదు.

సరే, మొదలుపెడదాం.

1. ముందు కాగితం, తర్వాతే బాక్స్

ఒక ఎక్సెల్ షీట్ తెరవండి. మొదటి కాలమ్‌లో ఏం చెడిపోవచ్చో రాయండి, రెండో దాంట్లో అప్పుడు బాక్స్ ఏం చెబుతుందో, మూడో దాంట్లో దాని వల్ల బండికి ఏమవుతుందో, నాలుగులో దాన్ని ఎలా పట్టుకుంటామో, ఐదులో ఏ టెస్ట్‌తో రుజువు చేస్తామో. దీన్నే పెద్ద కంపెనీల్లో హజార్డ్ లాగ్ అంటారు, పేరు పెద్దది గానీ పని ఇదే.

ఉదాహరణకి గేటు సెన్సార్ అనుకుందాం. కేబుల్ తెగింది. మీ బాక్స్ "బండి లేదు" అంటుందా, "నాకు తెలీదు, గేటు వేసి ఉంచండి" అంటుందా? మొదటిది రాంగ్ సైడ్ ఫెయిల్యూర్, అంటే ప్రమాదం వైపు చెడిపోవడం, సిగ్నల్ వాళ్ళు ఈ మాట వింటేనే ఉలిక్కిపడతారు. రెండోది రైట్ సైడ్, బండ్లు లేటవుతాయి, జనం తిడతారు, కానీ ఎవరూ చావరు. ప్రతి లైనుకీ ఈ ప్రశ్న వేయండి, జవాబు రాంగ్ సైడ్ అని వచ్చినచోట టెస్ట్ సంగతి తర్వాత, ముందు డిజైన్ మార్చండి.

ఇక్కడే ఇంకో మాట. కవచ్ లాంటివాటికి సిల్-4 అడుగుతారు, సేఫ్టీ లెవెల్స్‌లో అన్నిటికన్నా పైది. దాని లెక్క ఏంటంటే ప్రమాదకరంగా చెడిపోవడం పది కోట్ల గంటలకి ఒకసారి కన్నా తక్కువ ఉండాలి. పది కోట్ల గంటలంటే పదకొండు వేల ఏళ్ళ పైమాట! అంత నడిపి చూపించడం ఎవడి తరం? అందుకే "ఆరు నెలలు నడిపాం సార్, ఒక్క తప్పు రాలేదు" అనే మాటకి అక్కడ పెద్ద విలువుండదు. రెండు ప్రాసెసర్లు విడివిడిగా లెక్కకట్టి ఒకదాన్నొకటి సరిచూసుకోవడం, తేడా వస్తే సేఫ్ వైపు పడిపోవడం, ఇలాంటివి డిజైన్‌లోనే చూపించాలి, నడిపి చూడటం ఆ డిజైన్ నిజమేనని చెప్పే సాక్ష్యం మాత్రమే. మీది సిల్-4 పరికరం కాకపోయినా ఈ ఆలోచన మీకూ వర్తిస్తుంది.

2. ల్యాబ్‌లో బాక్స్‌ని హింసించండి

ఆఫీసులో ఏసీ రూములో, మంచి పవర్ సప్లై మీద పనిచేస్తే లెక్కలోకి రాదు. ఇంజన్లో బ్యాటరీ 110 వోల్ట్ డీసీ అంటారు గానీ అది ఎప్పుడూ 110 దగ్గర కూర్చోదు, రోలింగ్ స్టాక్, అంటే ఇంజన్లు, పెట్టెల్లో పెట్టే ఎలక్ట్రానిక్స్‌కి ఉన్న ప్రమాణం ప్రకారం 77 నుంచి 137.5 వోల్టుల దాకా ఎక్కడున్నా మీ బాక్స్ పనిచేయాలి. ఆ రెండు చివర్లా పెట్టి చూడండి, మధ్యలో చటుక్కున పడేసి చూడండి, ఒక్క సెకను పోయి వస్తే ఏమవుతుందో చూడండి. పైన 25 కేవీ వైరు, పక్కన ఐజీబీటీలు (పెద్ద కరెంట్‌ని వేగంగా ఆన్ ఆఫ్ చేసే స్విచ్‌లు) కొట్టుకునే త్రీ ఫేజ్ ఇంజన్, వాటి నాయిస్‌లో మీ సెన్సార్ సిగ్నల్ బతుకుతుందా?

పట్టాల పక్కన పెట్టేదైతే ఆర్‌డీఎస్‌ఓ (రైల్వే పరికరాలకి ప్రమాణాలు రాసే సంస్థ) స్పెక్ 144 అని ఒకటుంది, సిగ్నలింగ్ ఎలక్ట్రానిక్స్ అన్నిటికీ వేడి, చలి, తేమ, ఉప్పు గాలి, దుమ్ము, కుదుపు ఇవన్నీ ఏ మోతాదులో పెట్టాలో దాంట్లో ఉంటుంది, ముందు అది సంపాదించి చదవండి. మే నెలలో రామగుండంలో మూసేసిన లొకేషన్ బాక్స్ (పట్టాల పక్కన సిగ్నల్ సామాను పెట్టే పెట్టె) లోపల ఎంత వేడి ఉంటుందో చెయ్యి పెట్టి చూసినవాళ్ళకే తెలుసు. విశాఖ దగ్గర ఉప్పు గాలికి కనెక్టర్లు పచ్చబడతాయి. ఇక చీమలు, బల్లులు, ఎలుకలు ఏ స్పెక్‌లోనూ ఉండవు గానీ కేబుల్ ఎంట్రీ దగ్గర సందు మూసే గ్లాండ్ సరిగ్గా బిగించలేదంటే మొదటి వానాకాలం లోపే అవి గృహప్రవేశం చేసేస్తాయి.

3. మనిషి చేత్తో కొట్టే అంకెలన్నీ పట్టుకోండి

ఇది చాలామంది వదిలేస్తారు, నా దృష్టిలో ఇదే అసలు గని.

కవచ్ లాంటి సిస్టమ్‌లో ఇంజన్ తను ఎంత దూరం వచ్చిందో చక్రం తిరిగిన లెక్కని బట్టి తెలుసుకుంటుంది. మన ఎలక్ట్రిక్ ఇంజన్ల చక్రం కొత్తప్పుడు 1092 మిల్లీమీటర్లు, అరిగి అరిగి 1016కి వస్తే తీసేయాలి. అంటే చక్రం సైజు షెడ్‌లో ఎవరో ఒకరు సిస్టమ్‌లోకి ఎక్కించాలి, అరిగేకొద్దీ మార్చాలి. ఇప్పుడు పాత చక్రాలు తీసి కొత్తవి వేశారు, సెట్టింగ్ మాత్రం 1016 దగ్గరే ఉండిపోయిందనుకోండి. బండి నిజంగా కిలోమీటర్ వస్తే సిస్టమ్ 930 మీటర్లే వచ్చాననుకుంటుంది, అంటే ఎర్ర సిగ్నల్ నిజంగా ఉన్నదానికన్నా 70 మీటర్లు ఎక్కువ దూరంలో ఉందనుకుంటుంది, 110 స్పీడులో పోతుంటే 102 అని చూపిస్తుంది. రెండూ ప్రమాదం వైపే. తిరగేసి జరిగితే, అంటే అరిగిన చక్రానికి 1092 అని ఉంటే, ముందే బ్రేకులేస్తుంది, అది గోల తప్ప ప్రమాదం కాదు. అందుకే స్లీపర్ల (పట్టాల కింద వేసే అడ్డ దిమ్మెల) మీద ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగులు పెట్టారు, ఇంజన్ దాని మీదుగా వెళ్ళగానే "నువ్వు ఫలానా చోట ఉన్నావు" అని లెక్క సరిదిద్దుకుంటుంది.

మరి ట్యాగ్ ఊడిపోతే? ట్రాక్ మెషీన్ వచ్చి పనిచేసి వెళ్ళాక ఒకటి పగిలిపోతే? వరసగా రెండు పోతే? వానలో చక్రం జారి ఉత్తినే తిరిగితే? మీ టెస్ట్ లిస్టులో ఇవన్నీ విడివిడిగా ఉండాలి, అన్నీ కలిపి కూడా ఉండాలి, అంటే తప్పు చక్రం సైజు, పోయిన ట్యాగు, తడి పట్టా, మూడూ ఒకే రోజు. అలా జరగదులే అనుకోకండి, జరిగేరోజు సరిగ్గా అలాగే జరుగుతుంది.

మీ పరికరంలో చక్రం లేకపోవచ్చు. గేటు నంబరో, లైన్ నంబరో, సెన్సార్ నుంచి గేటుకి దూరమో ఏదో ఒకటి మనిషి కొడతాడు కదా. కావాలని తప్పు కొట్టి చూడండి. 450 బదులు 4500 కొడితే కిమ్మనకుండా తీసుకుందంటే మీ పని ఇంకా మిగిలుంది.

4. ఆపి మళ్ళీ ఆన్ చేయండి, లింక్ తెంపండి

వేల్స్‌లో కేంబ్రియన్ లైన్ అని ఉంది, అక్కడ పక్కన సిగ్నళ్ళు చూసే పని లేకుండా వేగం అంతా డ్రైవర్ ముందున్న స్క్రీన్ మీదే వస్తుంది. 2017 అక్టోబర్ 20న ఒక డ్రైవర్ ఎప్పట్నుంచో ఉన్న తాత్కాలిక వేగ పరిమితులు, మన భాషలో కాషన్లు, తన స్క్రీన్ మీద కనబడట్లేదని చెప్పాడు. చూస్తే ముందు రాత్రి సిస్టమ్ రీస్టార్ట్ అయినప్పుడు అవి పోయాయి, కానీ సిగ్నల్ ఆఫీసులో స్క్రీన్ మాత్రం అన్నీ ఎక్కినట్టే చూపిస్తోంది. 30 కిలోమీటర్ల వేగంతో దాటాల్సిన లెవెల్ క్రాసింగ్ దగ్గరికి ఒక బండి దాదాపు 80లో వచ్చింది. ఎవరికీ ఏమీ కాలేదు, అదృష్టం.

దీన్నుంచి మీరు తీసుకోవాల్సిన టెస్ట్ చాలా సింపుల్, రీస్టార్ట్ అయ్యాక పాత డేటా మొత్తం తిరిగొచ్చిందా లేదా అని వేరే దారిలో సరిచూడటం. డేటా పంపిన కంప్యూటర్నే "చేరిందా?" అని అడిగితే అది "చేరింది" అనే అంటుంది, చివర్లో వాడే పరికరం దగ్గర్నుంచి వెనక్కి చదవాలి. పొద్దున్నే రీస్టార్ట్, బండి మధ్యలో ఉండగా రీస్టార్ట్, అప్‌డేట్ సగంలో ఉండగా కరెంట్ పోవడం, మూడూ చేయండి.

లింక్ తెగిపోవడం ఇంకో రకం. చైనాలో వెన్‌జౌ దగ్గర 2011 జూలై 23న పిడుగు పడి సిగ్నల్ పరికరంలో ఫ్యూజ్ పోయింది, పోయాక ఆ పరికరం ఆగిపోకుండా పాత సమాచారమే పట్టుకుని లైన్ ఖాళీగా ఉందని చూపిస్తూ కూర్చుంది, వెనకొచ్చిన హైస్పీడ్ బండి ముందుదాన్ని గుద్దింది, 40 మంది పోయారు. డిజైన్‌లోనే లోపాలున్నాయనీ, సరిగ్గా పరిశీలించకుండా వాడకంలోకి తెచ్చారనీ వాళ్ళ విచారణలోనే తేలింది. కాబట్టి మీ బాక్స్ పంపే ప్రతి సమాచారానికీ వయసు ఉండాలి. ఇన్ని సెకన్లు దాటి కొత్తది రాకపోతే అది చెల్లదు, సేఫ్ వైపు పడిపో. ల్యాబ్‌లో యాంటెన్నా వైర్ పీకి స్టాప్‌వాచ్ పట్టుకుని చూడండి.

5. షాడో మోడ్: చూడాలి, ముట్టుకోకూడదు

ల్యాబ్ అయ్యాక నేరుగా బ్రేకుకో గేటుకో కనెక్ట్ చేయొద్దు. బాక్స్ అక్కడ పెట్టండి, అది చూస్తుంది, రాసుకుంటుంది, కానీ దాని అవుట్‌పుట్ దేనికీ కలపరు, పాత పద్ధతే నడుస్తుంటుంది. దీనికి కూడా డివిజన్ పర్మిషన్ కావాలి, పట్టా దగ్గర చిన్న పోల్ పాతాలన్నా షెడ్యూల్ ఆఫ్ డైమెన్షన్స్ (పట్టాకి ఏది ఎంత దూరంలో ఉండాలో చెప్పే రైల్వే రూల్సు) ఒప్పుకోవాలి, ఎస్ అండ్ టి, అంటే సిగ్నల్, టెలికాం వాళ్ళని కాదని ఎవరూ ఏదీ తగిలించకూడదు.

చోటు ఎంచుకునేటప్పుడు తేలికైనది ఎంచుకోవాలని మనసు లాగుతుంది, తిన్నటి లైను, రోజుకి నాలుగు బండ్లు, రోడ్డు పక్కనే. అది వద్దు. కొంకణ్ రైల్వేలో పుట్టిన యాంటీ కొలిజన్ డివైస్ (బండ్లు గుద్దుకోకుండా ఆపే పరికరం) గుర్తుందా, మన రాజారామ్ బొజ్జి గారి ఆలోచన, చాలా తెలివైన ఆలోచన కూడా. అది బండి ఎక్కడుందో తెలుసుకోడానికి జీపీఎస్ మీద ఆధారపడింది. స్టేషన్ యార్డ్‌లో లైనుకీ లైనుకీ మధ్య నాలుగైదు మీటర్లే ఉంటుంది, పక్క లైన్లో నిలబడ్డ బండి నీ లైన్లోదా కాదా అన్నది అక్కడ చాలా కష్టమైన ప్రశ్న. ఈశాన్య సరిహద్దు రైల్వేలో పెట్టాక అనవసరంగా బ్రేకులు పడటం లాంటి తలనొప్పులొచ్చాయి, చివరికి రైల్వే వేరే దారిలో టీకాస్ వైపు వెళ్ళింది. కాబట్టి మొదటి షాడో రన్నే లూప్ లైన్లున్న (మెయిన్ లైను పక్కన బండ్లు ఆపే లైన్లు) యార్డ్‌లో, కొండ కోతలో, ఫ్లైఓవర్ కింద పెట్టండి, చేదు ముందే తెలిసిపోతుంది.

బాక్స్ చెప్పింది నిజమా కాదా ఎలా తేల్చాలి? స్టేషన్లో డేటా లాగర్ ఉంటుంది, ఏ రిలే (సిగ్నల్ సర్క్యూట్లో స్విచ్) ఎప్పుడు ఎత్తింది ఎప్పుడు పడింది మొత్తం టైముతో సహా రాస్తుంది. మీ లాగ్‌నీ దాన్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. ఇక్కడ ఒక చిన్న తిరకాసు ఏంటంటే మీ గడియారం, డేటా లాగర్ గడియారం కలవకపోతే మొత్తం గందరగోళం, మీ బాక్స్ ఆలస్యంగా చెప్పిందా లేక గడియారమే వెనకుందా అన్నది ఎవరూ తేల్చలేరు. రోజూ తేడా నోట్ చేసుకోండి.

తేడా వచ్చిన ప్రతిసారీ కారణం రాయాలి. "నూటికి తొంభైతొమ్మిది సరిగ్గా పట్టింది" అని స్లైడ్ మీద పెద్దక్షరాలతో వేస్తారు, రోజుకి వంద బండ్లు పోయే లైన్లో అంటే రోజుకొక బండి తప్పిపోయినట్టే కదా! ఆ ఒకటి ఎందుకు తప్పిందన్నదే మీ రిపోర్ట్.

6. నిజం బండితో

ఇప్పుడు ట్రాఫిక్ బ్లాక్ (ఆ లైన్లో మామూలు బండ్లు ఆపే సమయం) తీసుకుని, లోకో ఇన్‌స్పెక్టర్‌ని, ట్రాఫిక్ వాళ్ళని, ఎస్ అండ్ టి వాళ్ళని కూర్చోబెట్టి, కాగితం మీద ఎవరు ఏ మాట చెప్తే ఆపాలో తేల్చుకుని మొదలుపెట్టండి. టెస్ట్ కూడా ప్రమాదమే. ఢిల్లీ మెట్రోలో 2017 డిసెంబర్ 19న, కొత్త లైన్ ప్రారంభానికి వారం ముందు, కాళింది కుంజ్ డిపోలో డ్రైవర్ లేకుండా నడిచే బండి గోడ పగలగొట్టుకుని బయటికొచ్చింది. టెక్నాలజీ తప్పు కాదు, బ్రేకులు చూసుకోకుండా బయటికి తీశారని చెప్పారు. సరే ఎవరి తప్పైనా గోడ గోడే.

బ్రేకులకి సంబంధించినది అయితే ఒక్క రకం బండితో సరిపెట్టుకోవద్దు. ఉత్త ఇంజన్, 24 పెట్టెల ఎల్‌హెచ్‌బీ (కొత్త రకం పెట్టెల) ప్యాసింజర్ బండి, 58 వ్యాగన్ల బొగ్గు రేకు నిండుగా, అదే రేకు ఖాళీగా, వీటిలో ఏ రెండూ ఒకేలా ఆగవు. గూడ్సు బండికి గాలి చివరి వ్యాగన్ దాకా చేరడానికే సమయం పడుతుంది. ఎత్తు ఎక్కేచోట, పల్లం దిగేచోట, ఎండలో, వానలో చేయండి. ప్యాసింజర్ బండి లెక్క గూడ్సుకి పెడితే ఆగాల్సిన చోట ఆగదు, గూడ్సు లెక్క ప్యాసింజర్‌కి పెడితే సిగ్నల్‌కి ఎక్కడో ఆగిపోయి సెక్షన్ మొత్తం జామ్.

వందేభారత్‌నే చూడండి, 2018 డిసెంబర్‌లో కోటా దగ్గర ట్రయల్స్‌లో 180 కొట్టింది, అంతా బాగుంది, 2022 అక్టోబర్‌లో అహ్మదాబాద్ దగ్గర గేదెలకి తగిలి ముక్కు ఊడింది. ముక్కు అలా ఊడి మార్చుకునేలాగే చేశామన్నారు, అది నిజమే, బండి మళ్ళీ నడిచింది కూడా. నేను చెప్పేదేంటంటే టెస్ట్ ట్రాక్ మీద గేదెలుండవు, మన ఊళ్ళ దగ్గర ఉంటాయి, మీ టెస్ట్ లిస్ట్‌లో కూడా ఉండాలి.

7. లోకో పైలట్‌ని అడగండి, మేనేజర్‌ని కాదు

బాక్స్ రాత్రి రెండింటికి, వరసగా మూడో నైట్ డ్యూటీలో ఉన్న మనిషి చేతిలో ఎలా ఉంటుందో చూడాలి. ఊరికే బీప్ బీప్ అంటుంటే మొదటి వారం చూస్తాడు, రెండో వారం చిరాకు పడతాడు, మూడో వారం చూడకుండానే అక్నాలెడ్జ్ నొక్కుతాడు, అప్పుడు మీ అలారం ఉన్నా లేనట్టే. తప్పుడు అలారాలు ఎన్నో లెక్క పెట్టండి, అలారం వచ్చి నొక్కడానికి మధ్య ఎంత సమయమో కూడా లెక్కపెట్టండి, ఆ సమయం వారం వారం తగ్గుతోందంటే చదవకుండా నొక్కుతున్నారేమో చూడండి. గేట్‌మ్యాన్, స్టేషన్ మాస్టర్ ఎవరైనా ఇంతే. తెలుగులో, హిందీలో రాసి ఉందా, గ్లవ్స్ వేసుకుని నొక్కగలరా, ఎండ పడితే స్క్రీన్ కనబడుతుందా, ఇవి చిన్నవి కావు.

8. బయటి కన్ను

తయారుచేసినవాడే టెస్ట్ చేసి పాస్ అనకూడదు. మీ కంపెనీలోనే అయినా టెస్ట్ టీమ్ డిజైన్ హెడ్ కింద ఉండకూడదు. సేఫ్టీ పరికరమైతే ఇండిపెండెంట్ సేఫ్టీ అసెసర్ అని బయటి సంస్థ మొదటి రోజు నుంచీ ఉండాలి, అన్నీ అయ్యాక చివర్లో పిలిస్తే వాళ్ళు వెనక్కి పంపేది మొత్తం ప్రాజెక్టునే. ఆ తర్వాత లక్నోలో ఆర్‌డీఎస్‌ఓ ఉంటుంది, అవసరాన్ని బట్టి కమిషనర్ ఆఫ్ రైల్వే సేఫ్టీ. ఈ కమిషనర్ రైల్వే మంత్రిత్వ శాఖ కింద ఉండరు, పౌర విమానయాన శాఖ కింద ఉంటారు, 1941లోనే ఈ పని చూసే ఆఫీసుని రైల్వే బోర్డు నుంచి విడదీశారు. ఎందుకు విడదీశారో ఆలోచిస్తే మీ కంపెనీలో టెస్ట్ టీమ్‌ని ఎక్కడ కూర్చోబెట్టాలో అర్థమైపోతుంది.

9. పెట్టేశాక, మార్చిన ప్రతిసారీ

బాలాసోర్ దగ్గర బహనాగా బజార్‌లో 2023 జూన్ 2న జరిగింది కొత్త టెక్నాలజీ వల్ల కాదు, పాత సర్క్యూట్‌లో చేసిన మార్పుల వల్ల. అంతకుముందు సిగ్నల్ గూమ్టీలో (సిగ్నల్ సామాను ఉండే చిన్న గదిలో) చేసిన వైరింగ్ మార్పులో లోపం, ఆ రోజు గేటు బారియర్ మార్చే పనిలో లోపం, రెండూ కలిసి కోరమాండల్‌ని లూప్ లైన్లో నిలబడ్డ గూడ్స్ మీదకి పంపాయి, 290 మందికి పైగా పోయారు. కాబట్టి ఒక్క వైరు మార్చినా, ఒక్క లైను కోడ్ మార్చినా, రీకనెక్షన్ మెమో (పని అయింది, మళ్ళీ వాడుకోవచ్చు అని ఇచ్చే కాగితం) ఇచ్చేముందు ఆ దారి మొత్తం పాయింటు (బండి లైను మారే చోటు) నుంచి సిగ్నల్ దాకా మళ్ళీ టెస్ట్ చేయాలి, మార్చింది ఒక్కటే కాదు. కవచ్‌కి 2024 జూలైలో 4.0 వెర్షన్ స్పెక్ వచ్చింది, పాత వెర్షన్‌తో దక్షిణ మధ్య రైల్వేలో 1465 కిలోమీటర్లు అప్పటికే నడుస్తోంది. కొత్త వెర్షన్ ఇంజన్ పాత వెర్షన్ స్టేషన్లోకి వస్తే ఏమవుతుందన్నది ఇలాంటప్పుడు విడిగా టెస్ట్ కావాలి, మీ బాక్స్‌కి రెండో వెర్షన్ రాగానే మీకూ ఇదే పరిస్థితి.

ఇంకొకటి, టెస్ట్ కనిపెట్టడం ఒక ఎత్తు, దాన్ని రోజువారీ పనిలోకి దింపడం ఇంకో ఎత్తు. వాషింగ్టన్ మెట్రోలో 2005లో బండ్లు గుద్దుకోబోయి తప్పాయి, అక్కడి ఇంజనీర్లు ట్రాక్ సర్క్యూట్ (పట్టాల్లో కరెంట్ పంపి బండి ఉందో లేదో చెప్పేది) బండిని పట్టుకుంటోందా లేదా అని చూడటానికి మెరుగైన టెస్ట్ ఒకటి తయారుచేశారు కూడా, కానీ అది మెయింటెనెన్స్ వాళ్ళ రోజువారీ పనిలోకి రాలేదు. 2009 జూన్‌లో ఫోర్ట్ టాటన్ దగ్గర ఆగి ఉన్న బండిని సిస్టమ్ చూడలేకపోయింది, వెనకొచ్చింది గుద్దేసింది, తొమ్మిది మంది పోయారు. అందుకని మీ టెస్టుల్లో ఏవి వారానికోసారి, ఏవి పార్ట్ మార్చినప్పుడు, ఏవి ప్రతి వానాకాలం ముందు చేయాలో ఒక్క పేజీలో రాసి, సెక్షన్ మెయింటెయినర్ రోజూ తెరిచే రిజిస్టర్‌లో అతికించండి, పక్కన సంతకానికి ఖాళీ వదలండి. మూడు నెలలాగి వెళ్ళి ఆ సంతకాల తేదీలు, మీ బాక్స్ లాగ్‌లో టెస్ట్ ఎంట్రీల తేదీలు కలుస్తున్నాయో లేదో చూడండి.